లాసెట్ ఆన్‌లైన్ కోర్సు: క్లాసులకు డబ్బు పెట్టొచ్చు, పుస్తకాలకు వద్దు

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కోసం 2025లో తెలంగాణ లాసెట్, అంటే లా కాలేజీల ప్రవేశ పరీక్ష రాశాను. దానికోసం తెలుగులో చెప్పే ఒక ఆన్‌లైన్ కోర్సు కొన్నాను. ఈ రివ్యూ ఆ కోర్సు గురించే. సంస్థ పేరు మాత్రం రాయడం లేదు. ఇక్కడ చెప్పే లోపాలు వాళ్లొక్కరివే కావు. కొనేముందు ఇంకొన్ని సంస్థల డెమోలు చూశాను, కొనే ముందు అడగాల్సిన ప్రశ్నలు అన్నిచోట్లా అవే. పేరు చెప్పి ఊరుకోవడం కన్నా, ఏం చూసుకుని డబ్బు కట్టాలో చెబితే ఎక్కువమందికి పనికొస్తుంది.

చదివే మనిషిని బట్టే కోర్సు విలువ తేలుతుంది కాబట్టి నా సంగతి ముందే చెబుతాను. నేను హనుమకొండలో ఒక సీనియర్ అడ్వకేట్ గారి దగ్గర టైపిస్టుని. బీకాం పూర్తయి చాలా ఏళ్లయింది. రోజంతా నోటీసులు, ప్లెయింట్లు (దావా పత్రాలు), కౌంటర్లు, అఫిడవిట్లు, ఐఏలు (కేసు మధ్యలో వేసే పిటిషన్లు) కొడుతూనే ఉంటాను. చెక్ బౌన్స్ నోటీసైతే పాత కాపీ చూడకుండా టైప్ చేసేస్తాను. బ్యాంకు నుంచి చెక్కు తిరిగొచ్చిన సంగతి తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి, అది అందిన 15 రోజుల్లోపు అవతలివాళ్లు డబ్బు కట్టాలి, కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కంప్లయింట్ వేయాలి. ఇవన్నీ చేతికి తెలుసు. కానీ మైనర్ రాసిచ్చిన అగ్రిమెంటు ఎందుకు చెల్లదు, రిట్ (హక్కు కాపాడమని అడిగే పిటిషన్) కోసం హైకోర్టుకే ఎందుకు వెళ్తారు, అప్పీలుకీ రివిజన్‌కీ తేడా ఏమిటి అంటే పుస్తకం తెరిచి చూడాల్సిందే. ఇంట్లో ఇంటర్ చదివే అమ్మాయి, హైస్కూల్లో అబ్బాయి ఉన్నారు. పొద్దున వంట మొదలుపెట్టే ముందు కొంతసేపు, కోర్టు లంచ్ టైములో కొంతసేపు, రాత్రి పిల్లల పక్కన కూర్చుని కొంతసేపు చదివేదాన్ని. ఆ సమయాన్ని ఈ కోర్సు ఎంత బాగా వాడిందో, ఎంత వృథా చేసిందో చూసే నేను మార్కులు వేస్తున్నాను.

లాసెట్ గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. కంప్యూటర్ మీద రాయాలి. ప్రశ్న ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉంటుంది. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30 ప్రశ్నలు, కరెంట్ అఫైర్స్ 30, న్యాయశాస్త్రం చదవడానికి కావాల్సిన అవగాహన మీద 60. తప్పు జవాబుకి మార్కులు కోయరు. 35 శాతం, అంటే 42 మార్కులొస్తే క్వాలిఫై అయినట్టు. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన లేదు. వయోపరిమితి లేదు కాబట్టి నాలాంటివాళ్లు చాలామంది రాస్తారు. ఆంధ్రప్రదేశ్ లాసెట్ కూడా ఇదే నమూనాలో ఉంటుంది, కాబట్టి అటువైపు వాళ్లకూ ఈ రివ్యూ పనికొస్తుంది. క్వాలిఫై కావడం అంత కష్టం కాదు. యూనివర్సిటీ కాలేజీలో సీటు కావాలంటే మాత్రం మంచి ర్యాంకు రావాలి, కోర్సులూ గైడ్లూ దానికోసమే.

ఈ కోర్సులో రెండు ప్లాన్లున్నాయి. 3,500 రూపాయల ప్లాన్‌లో రికార్డు చేసిన క్లాసులు, ఆదివారం సాయంత్రం లైవ్ సెషను, యాప్‌లో మాక్ టెస్టులు ఇస్తారు. 5,500 ప్లాన్‌లో అవన్నీ ఇచ్చి, మూడు పుస్తకాలు కొరియర్‌లో పంపుతారు. నేను పెద్ద ప్లానే తీసుకున్నాను.

బాగున్నదాంతో మొదలుపెడతాను. టార్ట్స్ (ఒప్పందంతో పనిలేకుండా పరిహారం అడగగలిగే సివిల్ తప్పులు), కాంట్రాక్టు చెప్పిన మేడమ్ క్లాసుల కోసమే అయినా చిన్న ప్లాన్ డబ్బు ఇవ్వొచ్చు. ఆవిడ ముందు నిర్వచనం చెప్పరు, ఒక గొడవ చెబుతారు. 1410లో ఇంగ్లండులో గ్లోస్టర్ అనే ఊళ్లో ఒక బడి ఉంది. దాని దగ్గరే ఇంకొకాయన బడి పెట్టాడు. పోటీ వల్ల పాత బడివాళ్లు ఫీజు బాగా తగ్గించుకోవాల్సి వచ్చింది. నష్టం నిజమే. కోర్టుకి వెళ్తే గెలుస్తారా? ఇక్కడ ఆపి, వీడియో పాజ్ చేసి ఆలోచించమంటారు. తర్వాత 1703 నాటి ఇంకో కేసు చెబుతారు. ఓటు హక్కున్న మనిషిని అధికారి ఓటు వేయనివ్వలేదు. అయినా ఆయన కోరుకున్న అభ్యర్థే గెలిచాడు. నష్టమేమీ లేదు. మరి ఈయన గెలుస్తాడా? మొదటి కేసులో నష్టం ఉంది గానీ హక్కు భంగం కాలేదు, కాబట్టి పరిహారం లేదు. రెండో దాంట్లో నష్టం లేదు గానీ హక్కుని కాదన్నారు, కాబట్టి పరిహారం ఉంది. డామ్నమ్ సైన్ ఇంజూరియా, ఇంజూరియా సైన్ డామ్నో అనే లాటిన్ మాటలు ఆ తర్వాతే బోర్డు మీద రాశారు. అప్పటికే సంగతి మనసుకి ఎక్కేసింది కాబట్టి ఏది ఏదో తారుమారయ్యే భయం లేదు. లాసెట్‌కి చదివేవాళ్లలో చాలామంది ఈ రెండింటినీ పైకి వల్లె వేసి, పరీక్ష హాల్లో తికమకపడతారు.

కాంట్రాక్టు కూడా అదే పద్ధతి. మోహరీ బీబీ కేసు, 1903, బ్రిటిష్ కాలంలో మన చివరి అప్పీలు కోర్టైన ప్రీవీ కౌన్సిల్. మైనర్ తన ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు, ఆ తాకట్టు చెల్లదన్నారు. మేడమ్ ఇది చెబుతున్నప్పుడు మా ఆఫీసులో టైప్ చేసే దావాల్లో 'మైనర్, సహజ సంరక్షకురాలైన తల్లి ద్వారా' అనే లైను గుర్తొచ్చింది. దాన్ని ఏళ్ల తరబడి టైప్ చేస్తున్నాను. మైనర్ తరఫున పెద్దవాళ్లు ఎందుకు నిలబడాలో ఆ రోజు పూర్తిగా అర్థమైంది. 1893 నాటి స్మోక్ బాల్ కంపెనీ కేసుతో ప్రకటన కూడా ఒక్కోసారి ఆఫర్ అవుతుందని చెప్పారు. 1919 నాటి బాల్ఫోర్ దంపతుల కేసుతో భార్యాభర్తల మధ్య మాట ప్రతిసారీ కాంట్రాక్టు కాదని చెప్పారు. ఇన్సూరెన్సు ఏజెంటుగా పనిచేసే ఒకాయన లైవ్ సెషన్లో వరసగా ప్రశ్నలు వేస్తే, విసుక్కోకుండా పాలసీ ఉదాహరణలతోనే జవాబిచ్చారు.

ఇంకో మంచి పని, ప్రతి టాపిక్ చివర పది ప్రశ్నలు పెట్టి, ఒక్కోదానికి 45 సెకన్లే ఇస్తారు. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలంటే లెక్క అంతే కదా. ఈ సాధన వల్ల ప్రశ్న చదివే వేగం నాకు బాగా పెరిగింది. మొదట్లో నాలుగు ఆప్షన్లూ రెండేసి సార్లు చదివేదాన్ని. కొన్ని వారాలకే రెండు ఆప్షన్లని వెంటనే పక్కన పెట్టేసే అలవాటు వచ్చింది.

రాజ్యాంగం చెప్పిన సార్ వేరు. ఆయన చెప్పేది వేగంగా, కొంచెం పాఠం అప్పజెబుతున్నట్టుగా ఉంటుంది. అయినా క్రమం చక్కగా పెట్టారు. ముందు ఆర్టికల్ 12 నుంచి 35 దాకా ప్రాథమిక హక్కులు, తర్వాత 36 నుంచి 51 దాకా ఆదేశిక సూత్రాలు, తర్వాత 51ఎ లో ప్రాథమిక విధులు. ఆ విధులు 1976లో 42వ సవరణతో వచ్చాయి, పదకొండోది 2002లో 86వ సవరణతో చేరింది, అదే సవరణ 21ఎ కింద చదువుకునే హక్కుని కూడా ఇచ్చింది. ఇలా సవరణని, ఆర్టికల్‌ని, ఏడాదిని కలిపి చెప్పడం వల్ల మూడు ప్రశ్నలకు ఒకేసారి చదివినట్టయింది. ఆస్తి హక్కు మీద ఆయన చెప్పిన క్లాసు నాకు ప్రత్యేకంగా నచ్చింది. 1978లో 44వ సవరణతో దాన్ని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసి 300ఎ లో పెట్టారు. భూసేకరణ పరిహారం ఓపీలు (కోర్టులో వేసే పిటిషన్లు) టైప్ చేసే నాకు, ఆ రైతులు ఏ హక్కు కింద అడుగుతున్నారో అక్కడ తేటతెల్లమైంది. ఆర్టికల్ 32కీ 226కీ తేడా కూడా స్పష్టంగా చెప్పారు. సుప్రీంకోర్టు రిట్లు ప్రాథమిక హక్కుల కోసం, హైకోర్టు రిట్లు ప్రాథమిక హక్కులకే కాక ఇతర హక్కులకు కూడా. అందుకే ఈ విషయంలో హైకోర్టు పరిధి విశాలం. పార్లమెంటు రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చలేదని తేల్చిన కేశవానంద భారతి కేసు మాత్రం కొద్ది నిమిషాల్లో ముగించేశారు. 13 మంది జడ్జీలు, 7–6 తేడాతో తీర్పు, 24 ఏప్రిల్ 1973. అంతే. రాజ్యాంగ మౌలిక స్వరూపం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఒక పూర్తి క్లాసు పెట్టాల్సింది.

మెంటల్ ఎబిలిటీ క్లాసులు మామూలుగా ఉన్నాయి. కోడింగ్, దిక్కులు, రక్త సంబంధాలు, క్యాలెండరు. బ్యాంకు పరీక్షలకు చదివినవాళ్లకి కొత్తేమీ లేదు, చదవనివాళ్లకి సరిపోతాయి. మా అమ్మాయి పక్కన కూర్చుని చేసేసింది.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించిన భాగానికి వస్తాను. మాక్ టెస్టులు. ఈ కోర్సు లాసెట్ పేరుతో అమ్ముతున్నారు. యాప్‌లో మొదటి గ్రాండ్ టెస్టు తెరిస్తే 120 ప్రశ్నలకి 120 నిమిషాలు ఇచ్చింది. రిజల్టు చూస్తే తప్పు జవాబుకి పావు మార్కు కోసింది. అది లాసెట్ పద్ధతి కాదు, నేషనల్ లా యూనివర్సిటీల్లో సీట్ల కోసం పెట్టే క్లాట్ పద్ధతి. క్లాట్‌లోనే 120 ప్రశ్నలకి రెండు గంటలు, తప్పుకి 0.25 కోత. ప్రశ్నలు కూడా ఒక పెద్ద పేరా ఇచ్చి, దాని మీద నాలుగైదు అడిగే రకం. అది పెద్ద పరీక్షే, నల్సార్ లాంటి చోట సీటు కావాలనుకునే పిల్లలు దానికే చదవాలి. కానీ లాసెట్ రాసేవాళ్లకి దాని టెస్టులు ఇవ్వడం అన్యాయం.

ఇది చిన్న పొరపాటుగా తీసుకోవడానికి లేదు. పరీక్షలో ఎలా నడుచుకోవాలో మాక్ టెస్టే నేర్పుతుంది. మార్కులు కోస్తారని అలవాటైతే, తెలియని ప్రశ్న వదిలేయడం నేర్చుకుంటాం. లాసెట్‌లో ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు, తెలియనిదానికి కూడా ఏదో ఒక ఆప్షన్ పెట్టి రావాలి. నాలుగు ఆప్షన్లలో ఒకటి సరైనదే కదా. రెండు గంటలకు అలవాటైన మనిషికి గంటన్నరలో చివరి ముప్పై ప్రశ్నలు చదవడానికే టైము చాలదు. మా బ్యాచ్‌లో డిగ్రీ అప్పుడే పూర్తి చేసిన ఒకమ్మాయి, గ్రాండ్ టెస్టుల్లో అందరికంటే ముందుండేది. ఆ అమ్మాయి పరీక్ష రాసొచ్చి గ్రూపులో పెట్టిన మెసేజ్ చదివితే బాధేసింది. చివర్లో చాలా ప్రశ్నలు ముట్టుకోకుండానే స్క్రీన్ ఆగిపోయిందట.

గ్రూపులో అందరం కలిసి అడిగితే, సంస్థవాళ్లు కొన్ని వారాలకి మార్కుల కోత తీసేశారు. టైము మాత్రం మార్చలేదు. 'ఎక్కువ టైము ఉంటే మీకే మంచిది కదా అక్కా' అని కస్టమర్ కేర్ అబ్బాయి అన్నాడు. నేను యాప్ టైమర్ పట్టించుకోకుండా ఫోన్‌లో 90 నిమిషాల అలారం పెట్టుకుని రాసేదాన్ని. మీరు ఏ కోర్సు కొన్నా ముందు ఒక పూర్తి మాక్ టెస్టు చూపించమని అడగండి. క్లాసు డెమో అందరూ చూపిస్తారు, టెస్టు డెమో ఎవరూ చూపించరు. అందులో నాలుగు చూడండి: ఎంత టైము, కోత ఉందా, మూడు భాగాలూ 30, 30, 60 గానే ఉన్నాయా, ప్రశ్న తెలుగులో కూడా కనిపిస్తుందా. మా యాప్‌లో క్లాసులు తెలుగులో, టెస్టులు సగం ఇంగ్లీషులోనే ఉండేవి. మా గ్రూపులో తెలుగు మీడియంలో చదివి, మళ్లీ ఇన్నేళ్లకి చదువు మొదలుపెట్టిన ఒక అంగన్‌వాడీ టీచర్ ఉన్నారు. తెలుగు కోర్సు అని నమ్మి డబ్బు కట్టినావిడ. ఆవిడకి ఇది ఎంత ఇబ్బందో నాకు తెలుసు, టెస్టు పేపర్లు స్క్రీన్‌షాట్లు తీసి నాకు పంపితే తెలుగులో చెప్పేదాన్ని.

పుస్తకాల సంగతి ఇంకా ఘోరం. అట్ట మీద 2025 ఎడిషన్ అని ఉంది. లోపల నేర చట్టాల అధ్యాయం మొత్తం ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్టే. 2024 జూలై 1 నుంచి ఆ మూడింటి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. కోర్టులో పనిచేసే మాకు ఆ రోజు నుంచీ ప్రతి పిటిషన్ హెడ్డింగూ మారింది. 511 సెక్షన్ల ఐపీసీ బదులు 358 సెక్షన్ల సంహిత వచ్చింది. హత్యకి శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103, మోసానికి అందరి నోటా నానే 420 ఇప్పుడు 318(4), భర్త, అత్తింటివాళ్ల వేధింపుల 498ఎ ఇప్పుడు 85, హత్యాయత్నం 307 ఇప్పుడు 109. సీఆర్‌పీసీలో ఎఫ్‌ఐఆర్ రాసే 154 ఇప్పుడు సురక్షా సంహితలో 173, భార్యాపిల్లల మనోవర్తి కేసు 125 ఇప్పుడు 144, ముందస్తు బెయిలు 438 ఇప్పుడు 482. వాట్సాప్ చాట్లూ, సీసీటీవీ ఫుటేజీ పెట్టేటప్పుడు ఇచ్చే ఎవిడెన్స్ యాక్టు 65బి సర్టిఫికెట్ ఇప్పుడు సాక్ష్య అధినియం 63 కింద ఇవ్వాలి.

పాతవి అసలు అక్కర్లేదని నేను అనడం లేదు. 2024 జూలై 1 కంటే ముందు జరిగిన నేరానికి ఇప్పటికీ ఐపీసీ సెక్షనే వేస్తారు, మా ఆఫీసులో అలాంటివి ఇంకా టైప్ చేస్తూనే ఉన్నాను. ప్రశ్న పాతదాని మీద వచ్చినా, కొత్తదాని మీద వచ్చినా జవాబు పెట్టాలంటే రెండూ పక్కపక్కన ఉండాలి. కొత్తగా వచ్చినవీ తెలియాలి. చిన్న నేరాలకి సమాజ సేవ శిక్షగా చేర్చారు. ఏ స్టేషన్లోనైనా ఇవ్వగలిగే జీరో ఎఫ్‌ఐఆర్‌కి చట్టంలోనే చోటు ఇచ్చారు. రాజద్రోహం సెక్షన్ 124ఎ ఆ పేరుతో ఇప్పుడు లేదు, దేశ సార్వభౌమత్వం, సమైక్యతలకు ముప్పు తెచ్చే పనుల మీద 152 వచ్చింది. ఇవేవీ ఆ పుస్తకాల్లో లేవు. రెండు వేల రూపాయలు అదనంగా తీసుకుని పాత పుస్తకానికి కొత్త అట్ట వేసి పంపారంటే, వాళ్లకి చదివేవాళ్ల మీద గౌరవం లేనట్టే.

అడిగితే ఒక పీడీఎఫ్ పంపారు. అందులోనూ కొన్ని సెక్షన్లు తప్పు. చివరికి మా అడ్వకేట్ సార్ దగ్గరున్న బేర్ యాక్టులు (వ్యాఖ్యలు లేని చట్టం ప్రతులు) ముందు పెట్టుకుని, పాతవీ కొత్తవీ వరసగా ఒక పట్టిక నేనే టైప్ చేశాను. సార్ ఒకసారి చూసి సరిచేసి ఇచ్చారు. దాన్ని గ్రూపులో పెట్టాను. ఒక కానిస్టేబుల్ తమ్ముడు, పోలీసుల ముందు హాజరుకమ్మని ఇచ్చే 41ఎ నోటీసు ఇప్పుడు 35(3) అయిందని తను రోజూ ఇచ్చే నోటీసు చూసి చెప్పి, దాన్ని కూడా చేర్పించాడు. కొన్న పుస్తకం కన్నా ఆ పట్టికే మా అందరికీ పరీక్ష దాకా తోడుగా ఉంది.

జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో కూడా ఇదే తీరు. ఒకచోట తెలుగు రాష్ట్రాలు రెండింటికీ ఉమ్మడి హైకోర్టు అని రాసి ఉంది. 2019 జనవరి 1 నుంచి తెలంగాణకి, ఆంధ్రప్రదేశ్‌కి వేర్వేరు హైకోర్టులు. లా చదవబోయేవాళ్లకి ఇచ్చే పుస్తకంలో ఆ లైను ఆరేళ్ల పాటు అలాగే ఉండిపోవడం ఎంతమాత్రం క్షమించలేను.

కరెంట్ అఫైర్స్ విషయంలో మరీ తీసిపారేయలేను. నెలనెలా పీడీఎఫ్ వచ్చేది. అందులో క్రీడలు, అవార్డులు, శిఖరాగ్ర సమావేశాలు అన్నీ సమానంగా కుప్పపోసి ఉండేవి. ఆదివారం సెషన్లో రాజ్యాంగం సార్ మాత్రం ఆ వారం కోర్టు వార్తల్ని విడిగా చెప్పేవారు. ఎస్సీ వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6–1 తో ఇచ్చిన తీర్పు, ఆ తర్వాత 2025 ఏప్రిల్‌లో తెలంగాణలో వర్గీకరణ అమలులోకి రావడం, ఇవి రెండూ కలిపి చెప్పారు. ఎలక్టోరల్ బాండ్లని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎందుకు కొట్టేసిందో చెబుతూ, అది పౌరుల సమాచార హక్కుతో, అంటే ఆర్టికల్ 19(1)(ఎ) తో ఎలా ముడిపడిందో చూపించారు. 2025 మే నెలలో జస్టిస్ గవాయ్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ప్రమాణం చేసిన వారం, ఆ పదవికి ఎవరిని ఎలా తీసుకుంటారో, 65 ఏళ్లకి ఎందుకు దిగిపోతారో చెప్పారు. ఒక వార్తతో కరెంట్ అఫైర్సూ రాజ్యాంగమూ రెండూ చదివినట్టు అయ్యేది. ఆ నెలవారీ పీడీఎఫ్ పక్కన పడేసి, ఇలాంటి సెషన్లు ఇంకో రెండు పెట్టి ఉంటే కోర్సు విలువ రెట్టింపయ్యేది.

లైవ్ సెషన్ల గురించి ఇంకో మాట. ఆదివారం సాయంత్రం మొదలయ్యేవి. మా గ్రూపులో రిటైరైన తహసీల్దారు గారొకరు, డ్యూటీ నుంచే ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినే కానిస్టేబుల్, పాపని ఒళ్లో పడుకోబెట్టుకుని వినే అంగన్‌వాడీ టీచర్, కాలేజీ పిల్లలు ఉండేవాళ్లు. మేడమ్ అందరి ప్రశ్నలకూ ఓపిగ్గా జవాబిచ్చేవారు. 'అమ్మా, నీ ప్రశ్న మంచిది, అయితే సిలబస్‌లో లేదు, ఫస్ట్ ఇయర్‌లో అడుగు' అని కూడా చెప్పేవారు. అది నాకు చాలా నచ్చేది. లాసెట్ సిలబస్‌లోనే రాసి ఉంటుంది, అభ్యర్థికి చట్టం చదివిన అనుభవం ఉండాలని ఆశించరు, ప్రాథమిక సూత్రాలు, రాజ్యాంగ మౌలిక అంశాల వరకే అడుగుతారని. కోర్టులో పనిచేసే నాలాంటివాళ్లకి అవసరానికి మించి లోతుకి పోయే అలవాటు ఉంటుంది. ఎక్కడ ఆగాలో చెప్పే టీచరు దొరకడం గొప్ప విషయం.

డబ్బు పెట్టలేనివాళ్లు దిగులు పడక్కర్లేదు. లాసెట్ అధికారిక వెబ్‌సైట్‌లో సిలబస్, సూచనల పుస్తకం ఉచితంగా దొరుకుతాయి. పరీక్ష ముందు అక్కడే మాక్ టెస్టు కూడా పెడతారు, స్క్రీన్ ఎలా ఉంటుందో, భాష ఎలా మార్చుకోవాలో, ప్రశ్నని మళ్లీ చూడ్డానికి ఎలా గుర్తు పెట్టుకోవాలో దాంతో చేతికి అలవాటవుతుంది. నేను పరీక్ష రాసిన సెంటర్లో టెన్షన్ లేకుండా కూర్చున్నానంటే అదే కారణం. పాత పేపర్లు, వాటి జవాబుల కీలు పత్రికల విద్యా పేజీల్లోనూ, వాళ్ల వెబ్‌సైట్లలోనూ దొరుకుతాయి. రాజ్యాంగానికి మా అమ్మాయి ఇంటర్ పాలిటీ పుస్తకం తీసుకుని చదివాను, గైడు కన్నా వెయ్యి రెట్లు స్పష్టంగా ఉంది. నేర చట్టాలకి కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్లలో బేర్ యాక్టులు ఉచితంగానే ఉన్నాయి. వీటితో చదివి ర్యాంకు తెచ్చుకున్నవాళ్లని మా కోర్టులోనే చూశాను. టార్ట్స్, కాంట్రాక్టు మాత్రం ఒక్కళ్లే చదువుకుంటే పట్టు దొరకడం కష్టం, అందుకే ఆ క్లాసుల కోసం 3,500 పెట్టొచ్చంటున్నాను.

నాకు సీటు వచ్చింది, సుబేదారిలోని కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీలో. మా అడ్వకేట్ సార్ ఆఫీసు పని సాయంత్రానికి మార్చి సర్దుబాటు చేశారు.

కొనాలనుకునేవాళ్లకి ఇంకొన్ని వివరాలు. యాప్ ఒక్క ఫోన్‌లోనే తెరుచుకుంటుంది, ఫోన్ మారిస్తే వాళ్లకి మెయిల్ చేసి రెండు మూడు రోజులు ఆగాలి. వీడియోలు డౌన్‌లోడ్ కావు, కాబట్టి రోజువారీ డేటా లెక్క చూసుకోండి. వేగం పెంచుకుని వినే సదుపాయం ఉంది, రాజ్యాంగం క్లాసులకి దాన్ని వాడకండి, సార్ ఇప్పటికే పరుగెడుతుంటారు. పరీక్ష రోజుతో గడువు అయిపోతుంది, తర్వాత ఒక్క వీడియో కూడా తెరుచుకోదు. అందుకని మేడమ్ క్లాసుల నోట్సు చేత్తో రాసుకోండి, ఫస్ట్ ఇయర్‌లో టార్ట్స్, కాంట్రాక్టు మళ్లీ చదవాలి. పెద్ద ప్లాన్ కట్టాక పుస్తకాలు వద్దని తిప్పి పంపితే డబ్బు వెనక్కివ్వరు, ఆ షరతు బిల్లు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చిన్న ప్లానే తీసుకోండి.